మొదటి పది నిమిషములు

ఊరిలో నిప్పంటుకొన్నచో అచ్చటికి మొట్టమొదట చేరువారెవ్వరు? ఈ ప్రశ్నను నేను తొమ్మిదవ తరగతిలో అడిగినప్పుడు పలువురు "ఫైరింజనండీ" అని చెప్పిరి. వెనుకబల్లమీది బాలుడొకడు మాత్రము "పక్కింటివాళ్లండీ" అనెను. తరగతి యంతయు నవ్వెను గాని వాని జవాబే సరియైనది.

101 అను సంఖ్యకు ఫోను చేసిన అగ్నిమాపక దళము వచ్చును. 108 కు చేసిన అంబులెన్సు వచ్చును. 112 కు చేసినచో అవసరమైనదానిని వారే పంపుదురు. ఈ సౌకర్యములు సామాన్యమైనవి కావు. 108 సేవ మన తెలుగునాటనే, హైదరాబాదులో, 2005 ఆగస్టు 15 న ప్రారంభమై తరువాత అనేక రాష్ట్రములకు వ్యాపించినది. అయినను బండి ఎంత వడిగా వచ్చినను రోడ్డుమీదనే గదా రావలెను! అది బయలుదేరి, దారి వెదకికొని, సందు మొగలో నిలిచి, మనుష్యులు దిగి, గొట్టములు పరచులోపల పది పదునైదు నిమిషములు గడచిపోవును. దూరపు పల్లెలలో ఇంకను ఎక్కువ. తాటాకు కప్పు బూడిదయగుటకు అంత సమయము అక్కరలేదు. గుండె నిలిచిన మనుష్యుని మెదడు నాలుగైదు నిమిషములకు మించి ఓర్వలేదు. కావున ఆ మొదటి పది నిమిషములును ప్రక్కయింటివారివే. వారు చేసినదానిని బట్టియే తరువాత వచ్చిన డాక్టరుగారికి గాని, అగ్నిమాపకులకు గాని చేయుటకు పని మిగులును, లేదా మిగులదు.

మంటలార్పుటను, గాయపడినవారికి ప్రథమ చికిత్స చేయుటను సామాన్యజనులకు నేర్పు శిక్షణను గూర్చి వ్రాయుటకు ఈ సంచికలో నేనే స్థలమడిగి తీసికొంటిని. దానికొక కారణము కలదు. అది నాకు గౌరవము తెచ్చునది కాదు.

శిక్షణ కళాశాల విడిచి ఒక వసతిగృహ పాఠశాలలో క్రొత్తగా చేరిన సంవత్సరమది. ఒక సాయంకాలము వంటశాలలో గంజి వార్చుచుండగా గిన్నె జారి, వంటమనిషికి సాయపడుచున్న ఎనిమిదవ తరగతి బాలుని ముంజేతిపై మరుగుచున్న గంజి పడెను. కేక విని నేను పరుగెత్తికొని పోయితిని. కుళాయి వానికి నాలుగడుగుల దూరములోనే యుండెను. నేను దానివంక చూడనైనను లేదు. నా గదికి పోయి పండ్లుతోముకొను పేస్టు గొట్టము తెచ్చి, అంతయు పిండి, వాని చేతికి మందముగా పూసితిని. అది చల్లగా నుండునని నా నమ్మకము. మా యింట చిన్నప్పుడు అట్లే చేసెడివారు.

ఆసుపత్రిలో డాక్టరుగారు నన్నేమియు అనలేదు. నర్సమ్మగారు ఆ యెండిన పేస్టును తడిపి తడిపి తీయుచుండగా పొక్కులును చర్మమును దానితో కూడ లేచి వచ్చెను. ఆ బిడ్డ పెట్టిన కేక, గంజి పడినప్పటి కేకకంటె పెద్దది. వాడు నన్ను నిందింపలేదు. "మా మాస్టారు వెంటనే మందు రాశారండీ" అని ఏడ్పు నడుమ నర్సమ్మగారితో గొప్పగా చెప్పుచుండెను. నేను తలయెత్తలేకపోతిని.

నేను చేయవలసియుండిన దేమి? చర్మము కాలినపిమ్మట వేడి వెంటనే పోదు. పొయ్యిమీదనుండి దించిన అన్నము కొంతసేపు తనలో తాను ఉడుకుచునే యుండునట్లు, నిప్పు తొలగినను చర్మము లోపల కాలుచునే యుండును. ఆ వేడిని బయటకు లాగివేయునది పారుచున్న చల్లని మంచినీరు. మంచుగడ్డ కాదు, అది చర్మమును మరియొక విధముగ చెరచును. కుళాయి క్రింద గాని, చెంబుతో మెల్లగ పోయుచు గాని, 20 నిమిషములు తడుపవలెను. గడియారము చూచియే తడుపవలెను, ఏలయన బిడ్డ ఏడ్చుచుండగా రెండు నిమిషములే ఇరువదియని మనకు తోచును. చిన్నపిల్లలైనచో తక్కిన దేహము మిక్కిలి చల్లబడకుండ దుప్పటి కప్పవలెను. ఈలోపల ఉంగరము, గాజులు, చేతికి కట్టిన దారము తీసివేయవలెను. వాపు వచ్చినపిమ్మట అవి రావు. చర్మమున కంటుకొన్న గుడ్డను లాగరాదు. పొక్కులు చిదుపరాదు. పిమ్మట శుభ్రమైన గుడ్డను వదులుగా కప్పి ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పేస్టు, సిరా, పేడ, నెయ్యి, పసుపు, గ్రుడ్డుసొన మున్నగునవి మన యిండ్లలో కాలినచోట పూయుదురు. ఇవి యన్నియు వేడిని లోపలనే బంధించును, గాయమునకు మాలిన్యము నెక్కించును, వైద్యునికి గాయము కనబడకుండ చేయును.

ఇందులో కష్టమైనది లేదు, ఖరీదైనది లేదు. అయినను బాలల మనస్తత్వమును, బోధనా పద్ధతులను చదివి పట్టా పొందిన నాకు ఇది తెలియదు. ప్రేమ నాకు తక్కువ లేకుండెను. పరుగులోను లోపము లేకుండెను.

మరుసటి సంవత్సరము జిల్లా కేంద్రమున జరిగిన శిక్షణ తరగతికి నా యంతట నేనే పోయితిని. అచ్చట నేర్పినవారిలో అగ్నిమాపక దళమునుండి విశ్రాంతి పొందిన పెద్దమనిషి యొకరుండిరి. ఆయన ఉపన్యాస మియ్యలేదు. మొదటి దినముననే మాలో అయిదుగురిని మైదానములో అచ్చటచ్చట పడుకొనబెట్టి, ఒకనికి కాలు విరిగినట్లును, ఒకనికి నెత్తురు కారుచున్నట్లును ఎర్రరంగు పూసి, "బస్సు బోల్తాపడింది, పోండి" అని ఈల యూదిరి. మేమందరము ఒక్కని యొద్దకే పరుగెత్తితిమి. వాడు అంత గట్టిగా నరచుచుండెను. ఆయన గడియారము చూచుకొనుచు ఊరకుండిరి. మూడు నిమిషములైన పిమ్మట నన్ను పిలిచి, "మాస్టారూ, ఆ వేపచెట్టు కింద పడున్నాయన సంగతేమిటండీ?" అని అడిగిరి. చెట్టుక్రింద నొకడు కదలక మెదలక యుండెను. వాని చొక్కాకు ఒక చీటి గ్రుచ్చబడియుండెను. ఊపిరి లేదు అని దానిమీద వ్రాసియుండెను.

"అరిచేవాడికి ఊపిరుందండీ. నోరెత్తనివాణ్ణి ముందు చూడాలి" అని మాత్రము చెప్పి ఆయన చీటి తీసి జేబులో వేసికొనిరి. పలువురు గాయపడినచోట ఎవరిని ముందు చూడవలెనను విషయమై గ్రంథములు కలవు. నాకు ఆ చీటియే చాలినది.

ఊపిరి లేనివానికి చేయు చికిత్సను బొమ్మమీద నేర్పుదురు. రొమ్ముటెముక క్రింది సగముపై అరచేతి మడమ నుంచి, దానిపై రెండవ చేయి వేసి, మోచేతులు వంచక, 5 సెంటీమీటర్లకు తగ్గకుండ, 6 కు మించకుండ నొక్కి విడువవలెను. నిమిషమునకు 100 నుండి 120 మారులు నొక్కవలెను. నేర్చినవారు 30 నొక్కులకు రెండు మారులు నోటితో ఊపిరి ఊదుదురు. అది నేర్వనివారు నొక్కుచుండినను మేలే. ఇది పెద్దవారికి చెప్పిన లెక్క; పసిపిల్లలకు చేయు విధము వేరుగా నేర్పుదురు. రెండు నిమిషములకే చేతులు బరువెక్కును, కావున ఇద్దరు మారుచుండవలెను. రొమ్ము తెరువకయే పైనుండి నొక్కి నెత్తురు నడిపింపవచ్చునని 1960 లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు ప్రకటించిరి. వారిలో మొదటివాడు వైద్యుడు కాడు, విద్యుత్తు ఇంజనీరు. ఇది నేర్పుటకు బొమ్మను చేసిన లార్డాల్ అను నార్వే దేశస్థుడు ఆటబొమ్మల వ్యాపారి. ప్రాణరక్షణ వైద్యులకొక్కరికే చెందిన విద్య కాదనుటకు ఇంతకంటె ఏమి కావలెను?

సామాన్యులకు ఈ విద్య నేర్పవచ్చునను నమ్మకము అంతకు చాల ముందుదే. 1878 లో ఇంగ్లండునందలి వూలిచ్‌లో పీటర్ షెపర్డ్ అను సైనిక వైద్యుడు సెయింట్ జాన్ అంబులెన్సు సంఘము పక్షమున సామాన్య జనులకు తరగతులు జరిపి, వానికొక చిన్న పుస్తకమును సిద్ధపరచెను. మరుసటి జనవరిలోనే ఆయన దక్షిణాఫ్రికా యుద్ధరంగమున మరణించెను. పుస్తకము మాత్రము నిలిచి ఎన్నో ముద్రణలు పొందెను. 1882 లో జర్మనీలోని కీల్ నగరమున ఎస్మార్క్ అను శస్త్రవైద్యుడు అట్టి తరగతులనే స్థాపించి, వానికి సమరయుని పేరు పెట్టెను. మీలో స్కౌట్లు మెడలో కట్టుకొను ముక్కోణపు గుడ్డ కట్టుకట్టుటకు ఎన్ని విధముల పనికివచ్చునో లోకమునకు చాటినవాడాయనయే. ఆ ఉపమానములో సమరయుడు గాయములపై నూనెయు ద్రాక్షారసమును పోసినట్లు మీరు చదివియున్నారు. అది ఆ కాలపు వైద్యము. నేటి పాఠములో ఆ స్థానము కుళాయి నీటిది.

ఇక నిప్పు సంగతి. దానిని గూర్చి ఆ పెద్దమనిషి మొదట నేర్పినది పరుగు కాదు, ఆగుట. ఏమి కాలుచున్నది? దాని ప్రక్కన ఏమున్నది? గాలి ఎటు వీచుచున్నది? నేను బయటికి వచ్చు దారి యేది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు తెలియక అడుగు వేయరాదని ఆయన ఆజ్ఞ. 1944 ఏప్రిల్ 14 న బొంబాయి రేవులో ఫోర్టు స్టికిన్ అను ఓడలో నిప్పు పుట్టెను. ఆ ఓడలో ప్రత్తిబేళ్లును, వానితో కూడ యుద్ధమునకైన పేలుడు సామగ్రియు నుండెను. మంటలార్పుచుండగనే ఓడ బ్రద్దలై 66 మంది అగ్నిమాపకులు ప్రాణములు విడిచిరి. నగరవాసులు వందలకొలది మరణించిరి. ఏటేట ఏప్రిల్ 14 మొదలు 20 వరకు మన దేశమున జరుపు అగ్నిమాపక సేవా వారము వారి జ్ఞాపకార్థమైనదే. వారు తర్ఫీదు పొందిన ధీరులు. ప్రక్కన నున్న వస్తువు వారినే అట్లు చేసినప్పుడు, బక్కెట్టు పట్టుకొని పరుగెత్తు మనమెంత?

నిప్పు బ్రతుకుటకు మూడు కావలెను: కాలు వస్తువు, వేడి, గాలి. ఒకదానిని తీసివేసిన అది చచ్చును. నీరు వేడిని తీయును. ఇసుకయు తడిగోనెయు గాలిని మూయును. అన్ని మంటలకును నీరు మందు కాదు. మరుగుచున్న నూనె అంటుకొన్నప్పుడు నీరు చల్లితిమా, ఆ నీరు నూనె అడుగునకు దిగి, క్షణములో ఆవిరియై, దాదాపు 1700 రెట్లు ఉబ్బి, మండుచున్న నూనెను ఇంటికప్పు వరకు విసరును. అప్పుడు పొయ్యి ఆర్పి, బాణలిమీద మూత జార్చి, చల్లారువరకు తీయకుండుటయే పని. కరెంటు మంటకు ముందు మెయిన్ స్విచ్చి ఆపవలెను. ఒంటిమీది బట్ట అంటుకొన్నవాడు పరుగెత్తినచో గాలి తగిలి మంట పెరుగును. వానిని నిలిపి, నేల పడవైచి, ముఖము చేతులతో కప్పుకొనుమని దొర్లింపవలెను. కంబళి గాని మందమైన నూలు దుప్పటి గాని కప్పవచ్చును, నైలాను గుడ్డ కప్పరాదు. పొగ నిండిన గదిలో నిలువున నడువరాదు. పొగయు వేడియు పైకి పోవును గనుక నేలనంటి ప్రాకవలెను. నిప్పులో చనిపోయిరని మనము చెప్పుకొనువారిలో పెక్కుమంది నిజముగా చనిపోయినది పొగచేతనే.

గ్యాసు విషయము వేరుగా చెప్పవలెను. కోనసీమలోని నగరం గ్రామమున 2014 జూన్ 27 తెల్లవారుజామున భూమిలోని గొట్టమునుండి సహజవాయువు వెడలి ఊరిమీద వ్యాపించెను. ఎచ్చటనో నిప్పు తగిలినంతనే గాలియే అంటుకొన్నట్లయి ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అది చమురు సంస్థల గొట్టము, మన చేతిలోనిది కాదు. మన వంటింటి సిలిండరు మాత్రము మన చేతిలోనిదే. ఆ గ్యాసు గాలికంటె బరువైనది గనుక నేలమీద ప్రాకి మూలల నిలుచును. వాసన వచ్చినచో దీపము వెలిగింపరాదు, స్విచ్చి వేయనురాదు, ఆపనురాదు. రెండింటను రవ్వ పుట్టును. రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు తెరచి, అందరు బయటికి వచ్చి, అచ్చటనుండి ఫోను చేయవలెను. మా తరగతిలో ఒక గృహిణి "ఫ్యాను వేస్తే వాసన పోదుగదండీ?" అని అడిగినది. ఆ ప్రశ్న అడుగుట మంచిదాయెను. నేనును ఫ్యానే వేసియుందును.

మన పూర్వులకు ఈ విద్య బొత్తిగా తెలియదనరాదు. తాటాకు ఇండ్లు వరుసగా నున్న పేటలలో అంటుకొన్న ఇంటిని విడిచి, గాలివాటున నున్న ప్రక్కయింటి కప్పును లాగివేసి మంటకు దారి తెంచెడివారు. బావినుండి మంటవరకు మనుష్యులు వరుసగా నిలిచి కడవలు చేతులు మార్చెడివారు. ఇట్టి పనినే కట్టుబాటుగా చేయుటకు 1736 లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన మిత్రులతో యూనియన్ ఫైర్ కంపెనీ అను సంఘమును స్థాపించెను. సభ్యులు తమ ఖర్చుతో తోలు బక్కెట్లును, సామాను మోయుటకు సంచులును సిద్ధముగా నుంచుకొనవలెను. నెలకొకమారు కూడవలెను, రానివారికి జుల్మానా. ఆ జుల్మానా సొమ్ముతో నిచ్చెనలును, కప్పులు లాగు కొక్కెములును కొనిరి. నాకు ఇందులో మిక్కిలి నచ్చినది ఆ జుల్మానాయే. నేటికిని జర్మనీ దేశమున అగ్నిమాపకులలో అత్యధికులు జీతము లేని స్వచ్ఛంద సేవకులే. వారి సంఖ్య సుమారు పదిలక్షలు. రొట్టెలు కాల్చువాడును, బడిపంతులును గంట మ్రోగగనే పని విడిచి పోవుదురు.

మన దేశమున 1968 నాటి పౌరరక్షణ చట్టము క్రింద స్వచ్ఛంద సేవకులుండిరి. అది మొదట యుద్ధకాలమును దృష్టియందుంచుకొని చేసిన చట్టము. తరువాతి సవరణచేత విపత్తులకును వర్తించినది. 2016 లో జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ ఆపద మిత్ర అను పథకమును వరదలకు లోనగు 30 జిల్లాలలో, జిల్లాకు 200 మంది చొప్పున, 6000 మందితో ప్రారంభించినది. పిమ్మట దానిని 350 జిల్లాలకు విస్తరించి లక్షమందిని తయారుచేయ సంకల్పించిరి. 18 మొదలు 40 ఏండ్లలోపువారికి 12 దినముల తర్ఫీదు. వరదలో రక్షించుట, ప్రథమ చికిత్స, మంటలార్పుట, శిథిలములలో వెదకుట అందులోని పాఠములు.

పథకము మంచిదే. నా సందేహమంతయు పదమూడవ దినమును గూర్చి. చేతితో నేర్చిన విద్య చేతితోనే నిలుచును. బొమ్మమీద నొక్కుట నేర్చినవారిని కొన్ని నెలల తరువాత పరీక్షించిన, లోతును వేగమును తప్పుచున్నారని కనుగొనిరి. నేను స్వయముగా రెండవ సంవత్సరము మరల పోయినప్పుడు నిమిషమునకు 100 అని నోటితో చెప్పుచు చేతితో 70 నొక్కితిని. గోడకు తగిలించిన యోగ్యతాపత్రమునకు ఈ సంగతి తెలియదు.

రోడ్డుప్రక్కన పడియున్నవానిని తాకిన పోలీసు స్టేషను చుట్టు తిరుగవలసి వచ్చునను భయము మన వారిలో ఇంకను పోలేదు. మీ తలిదండ్రులతో ఈ మాట చెప్పుడు: 2016 మార్చిలో సుప్రీంకోర్టు సాయపడినవారిని రక్షించు నియమములకు ఆమోదముద్ర వేసినది. 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టములో ప్రత్యేకముగ ఒక సెక్షను చేర్చిరి. సద్బుద్ధితో సాయపడినవానిపై వ్యాజ్యము నడువదు. తన పేరు చెప్పుమని వానిని నిర్బంధింపరాదు. చట్టము అట్టివానిని పిలుచు పేరు మంచి సమరయుడనియే.

ఈ సంవత్సరము మన పాఠశాలలో శనివారపు చివరి రెండు పీరియడ్లు ఇందుకు కేటాయింపబడినవి. ఎనిమిది మొదలు పదవ తరగతివరకు వారానికొక తరగతి వచ్చును. మొదటి పాఠము మన బడినుండి బయటికి పోవుట. కుంభకోణములో 2004 జులై 16 న ఒక పాఠశాల కప్పు అంటుకొని 94 మంది పిల్లలు చనిపోయిరి. వంటశాల నిప్పు, తాటాకు కప్పు, ఇరుకు మెట్లు ఒక్కచోట కూడినవి. కావున మీరు మొట్టమొదట నేర్చుకొనునది ఏ తరగతి ఏ మెట్లమీదుగా దిగి ఏ చెట్టుక్రింద నిలువవలెనో, లెక్క ఎవరు పిలువవలెనో అను విషయము. మొన్న మొదటిమారు చేసినప్పుడు 7 నిమిషములు పట్టినది. రెండవమారు 4. రెండు పర్యాయములును ఒక బాలుడు టిఫిను డబ్బాకొరకు వెనుకకు పోయెను. వాని పేరు వ్రాయను గాని వానితో మరల మాటలాడవలసి యున్నది.

ఇంకొక సంగతి. వరండాలో తగిలించిన ఎర్ర బక్కెట్ల అడుగు ఎందుకు గుండ్రముగ నున్నదని కొందరడిగిరి. నేలమీద నిలువకుండుటకే, నిలిచినచో ఎవరో ఒకరు నీళ్లు తోడుకొనుటకో, మొక్కలకు పోయుటకో తీసికొనిపోవుదురు. ఒక్కొక్కదానికి 9 లీటర్లు పట్టును. పోయిన సోమవారము నేను ఆరింటిని దించి చూచితిని. రెండింట ఇసుక యుండెను, అదియు తడిసి గడ్డకట్టి యుండెను. మూడింట చిత్తుకాగితములును, జామకాయ గింజలును ఉండెను. ఆరవదానిలో పిచ్చుక గూడు కట్టినది. అయిదింటిని ఖాళీచేయించి, కడిగించి, ఎండిన సన్నపు ఇసుకతో నింపించితిని. ఆరవదానికి బదులు క్రొత్తది తెప్పించుటకు ప్రధానోపాధ్యాయులవారు ఒప్పుకొనిరి.